మిగిలిపోయిన మందులు

రాజమండ్రిలో దేవీచౌక్ వెనక సందులో కామేశానికి మందుల షాపు ఉంది. సొంతూరు పిఠాపురం కావడంతో అమ్మవారి పేరు మీద పురుహూతికా మెడికల్స్ అని బోర్డు పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ షాపుకి మందులు కొనుక్కునేవాళ్లే కాదు, తిరిగి తెచ్చి ఇచ్చేవాళ్లూ వస్తున్నారు. ఇంట్లో ఎవరైనా పోతే, కర్మకాండలన్నీ అయ్యాక, తలగడ పక్కన మిగిలిపోయిన మాత్రలూ సీసాలూ ఓ సంచిలో వేసి తెచ్చేవారు. ఎవరికైనా పనికొస్తాయేమో చూడమని బల్ల మీద పెట్టి, ఇంకేదో చెప్పాలన్నట్టు కాసేపు నిలబడి వెళ్లిపోయేవారు.

కత్తిరించిన అట్టలు, మూత తీసిన సీసాలు. వాటిని మళ్లీ అమ్మకూడదు, కంపెనీవాళ్లు వెనక్కి తీసుకోరు. ఆ మాట మొహం మీద చెప్పడానికి కామేశానికి నోరు వచ్చేది కాదు. "చూస్తానండి" అని లోపల పెట్టేవాడు.

మొదట్లో చెత్తకుండీలో పడేసేవాడు. ఒకసారి చిత్తుకాగితాలు ఏరుకునే ఆవిడ కూతురు అందులోని ఎర్ర మాత్రలు తీపి బిళ్లలనుకుని మింగేసింది. రెండ్రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది గానీ, ఆ రెండ్రోజులూ కామేశానికి ముద్ద దిగలేదు. అప్పట్నుంచీ నెలకో ఆదివారం షాపు వెనక పీట వేసుకుని, మాత్రలన్నీ అట్టల్లోంచి ఒలిచి, బకెట్‌లో వేణ్ణీళ్లు పోసి కరగబెట్టి, మురుగుకాలువలో పోసేవాడు. పోస్తున్నంతసేపూ ఆ మందులు వాడిన మనిషిని తలుచుకునేవాడు. పోయినవాళ్లకు తాను చేసే ఆఖరి మర్యాద అది అనుకునేవాడు.

అతని కూతురు హరిచందన 2004లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉంది. ఊరి మురుగునీళ్ల మీద ప్రాజెక్టు తీసుకుంది. పెద్ద చదువులు చదివి కాలువల వెంట తిరగడమేంటని తల్లి సణిగినా, కామేశానికి మాత్రం అదంతా గొప్పగానే ఉండేది. ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడిగితే ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. గాజు పళ్లెంలో కాలువ నీళ్లలోని క్రిములను పెంచి, వాటి మధ్య మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారట. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి, గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఆమె పళ్లేలలో చాలావాటికి ఆ ఖాళీ రాలేదు. నీళ్లలో మందు కొంచెం కొంచెంగా తగులుతూ ఉంటే, క్రిములు దాన్ని తట్టుకోవడం నేర్చేసుకుంటాయంది. అలాంటివి ఒంట్లోకి చేరితే రేపు మామూలు జ్వరానికీ మందు పనిచెయ్యకపోవచ్చు.

వింటున్న కామేశం చూపు బల్ల మీద పరిచిన పటం మీద పడింది. కాలువ పొడుగునా ఎక్కడెక్కడ నీళ్లు పట్టిందో ఎర్ర సిరాతో చుక్కలు పెట్టింది. ఎనిమిదోది ఊరి చివర గంగరాజు తోటకూర మడుల దగ్గర. కాలువ నీళ్లతో పెరిగే ఆ తోటకూరే వారానికి రెండుసార్లు కామేశం ఇంట్లో పులుసు అవుతుంది. చుక్కలన్నీ రెండేసి సందుల దూరంలో ఉన్నాయి. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య మాత్రం ఐదు సందులు. ఆ ఐదింటి నడుమే అతని షాపు ఉంది.

"మన సందు వదిలేశావేంటమ్మా?"

హరిచందన చేతిలో పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది.

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను కదా నాన్నగారూ, మీరు ఆ మందులు ఎంత భక్తిగా పోస్తారో. దానికి నంబరు వేసి రాయడానికి నాకు చెయ్యి రాలేదండి."

కామేశం మర్నాడు పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని షాపు వెనక్కి వెళ్లాడు. సీసా లోపల వేలు తగలకుండా ఎలా పట్టాలో ఆమె చెబుతుంటే, పంచె పైకి కట్టి, తానే కాలువ గట్టున గొంతుక్కూర్చుని నీళ్లు పట్టాడు. మూత బిగించి ఆమె చేతికిచ్చాడు.

"ఇదీ రాసుకో. నా కోసం దాచిపెట్టే చదువు నీకొద్దు."

ఆమె తలూపింది గానీ, ఆ సీసా మీద కాగితం అంటించేటప్పుడు కళ్లు తుడుచుకోవడం అతను చూశాడు.

నాలుగు రోజులకు ఫలితం తెలిసింది. అన్ని చోట్లలాగే ఉంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆ మాట చెప్పడానికి ఆమె కాలేజీ నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా షాపుకొచ్చింది. ఇన్ని నర్సింగ్‌హోములు, ఇన్ని వేల ఇళ్లు, మనం మింగిన మందు కూడా కొంత ఒంట్లోంచి కాలువలోకే పోతుంది, ఇందులో మీ బకెట్ ఎంతని తండ్రికి నచ్చజెప్పబోయింది.

"ఎంతైనా, అది నేను నా చేత్తో పోసింది కదమ్మా" అన్నాడు కామేశం.

ఆ నెల నుంచి బకెట్ మానేసి, మూత గట్టిగా పట్టే పెద్ద రేకు డబ్బా తెచ్చాడు. డబ్బా నిండితే ఏం చెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న. దగ్గర్లోని నర్సింగ్‌హోముకి, ఆసుపత్రి చెత్త తీసుకెళ్లి కొలిమిలో కాల్చేవాళ్ల వ్యాను వస్తుంది. కామేశం వెళ్లి అడిగితే అక్కడి డాక్టరు రెండుసార్లు, అది మా పని కాదని పంపేశాడు. మూడోసారి కామేశం తన కూతురు గీసిన పటం పట్టుకెళ్లాడు. డాక్టరు తన నర్సింగ్‌హోము ముందున్న చుక్కను చాలాసేపు చూసి, వ్యాను డ్రైవర్ ఏసురాజుని పిలిచి, నెలకోసారి వీరి డబ్బా కూడా ఎక్కించుకోమన్నాడు.

అది కుదిరిన వారానికే సీతారామలక్ష్మి టీచరు వచ్చింది. భర్త మణిశంకర్ పోయి నెల కాలేదు. గుడ్డసంచి బల్ల మీద పెట్టి, ఎవరికైనా ఇవ్వమంది. కామేశానికి అలవాటైన "చూస్తానండి" నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అంతలో ఆవిడే అడిగింది.

"ఆరేళ్ల కిందట మా అత్తగారివి తెచ్చిచ్చాను కదండీ. అవి ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదండి. ఇవ్వకూడదు కూడా. కాలువలో పోసేశాను. మీ మొహం చూసి అప్పుడు చెప్పలేకపోయాను."

ఆవిడ సంచి మీంచి చెయ్యి తియ్యలేదు.

"వాటివల్ల ఎవరో ఒకరు లేచి తిరుగుతున్నారని అనుకున్నానండి, ఇన్నాళ్లూ."

కామేశం లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు. మంచినీళ్లిచ్చాడు. క్షమించమని అడిగాడు. తర్వాత కాలువ సంగతి, కూతురి గాజు పళ్లేల సంగతి, డబ్బా సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా వింది. చివరికి సంచి ముడి తానే విప్పి, మొదటి అట్ట తీసింది.

"నేనే వెయ్యొచ్చాండీ?"

"వెయ్యండి. ఏం తొందర్లేదు."

ఒక్కో అట్టా డబ్బాలో వేస్తూ ఆవిడ మాట్లాడింది. ఈ పచ్చ మాత్రకు ఆయన రోజూ పేచీ పెట్టేవారట, అరటిపండులో దాచి పెడితే పండు తినేసి మాత్ర ఉమ్మేసేవారట. చెబుతూ చెబుతూ నవ్వింది. నవ్వు మధ్యలో చేతిలోని అట్ట వెయ్యకుండా ఆగిపోతే, కామేశం బేరానికొచ్చినవాళ్లను కాసేపాగి రమ్మని సైగ చేసి, డబ్బా మూత తెరిచి అలాగే పట్టుకున్నాడు.

వెళ్లేటప్పుడు ఆవిడ ఒక అట్ట కాగితం, సిరా అడిగింది. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన చేతి రాత. "మిగిలిపోయిన మందులు కాలువలో పొయ్యకండి, ఇక్కడ ఇవ్వండి" అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. కామేశం దాన్ని గల్లాపెట్టె పైన, అందరికీ కనిపించేలా కట్టాడు.