నలభై ఒకటో అదురు

పన్నెండేళ్లుగా నాకొక సందేహం ఉంది. తెల్లవారి దేవుడి ముందు కూర్చోబోతే అది నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. ఆ రోజు నేను ఒక్క ల్యాపు ముందు నోరు విప్పి ఉంటే ఆ కుర్రాడు బతికేవాడా?

దేవుణ్ణి అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఆయనకు తెలిసి చెప్పడం లేదా, నేనే కనుక్కోవాలని ఊరుకున్నాడా అన్నది ఇంకో సందేహం.

నేను ముప్ఫై నాలుగేళ్లు ఒక గోడౌన్‌లో లెక్క గుమాస్తాగా పనిచేశాను. లారీలోంచి బస్తాలు దిగుతుంటే తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టాలి. మోసేవాళ్ల మొహాలు చూస్తే పలకరింపులు మొదలై లెక్క తప్పుతుంది. అందుకని కళ్లు దించుకుని, చెక్కబల్ల మీద పడే అడుగుల అదురును బట్టి లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఎడమచేతిలో జపమాల ఉండేది. ఒక్కో అదురుకు ఒక్కో పూస. బొటనవేలు తన పని తాను చేసుకుపోయేది. మా పనిలో ఒక నియమం ఉంది. లెక్కలో తేడా వస్తే వెంటనే గోల చెయ్యకూడదు, రెండోసారి లెక్కపెట్టాకే చెప్పాలి. తొందరపడి అరిస్తే మోసేవాళ్లను దొంగలన్నట్టు అవుతుంది.

పోయిన నెల నేను రిటైరైన రోజున, "ఈయన లెక్కలో ఒక్క బస్తా తేడా రాలేదు" అని మేనేజరు అందరి ముందూ అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తేడా వచ్చిన ఆ ఒక్క లెక్కను తలుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ వారంలోనే నా బావమరిది రెండు టిక్కెట్లు పట్టుకుని దిగాడు.

"బావా, ఇంటర్నేషనల్ మోటోక్రాస్ బైకు పందేలు. పద్దెనిమిది దేశాల వాళ్లు వస్తున్నారు. నువ్వు రాకపోతే నా పక్కన మా ఆవిడ కూర్చుంటుంది. ప్రతి జంపుకీ నా చెయ్యి గిల్లి నల్లగా చేస్తుంది."

"నేను రానని నీకు తెలుసు కదరా."

"తెలుసు. పన్నెండేళ్లుగా ఎందుకు రావో మాత్రం చెప్పవు."

వంటింట్లోంచి నా భార్య అందుకుంది. "తీసుకుపోరా బాబూ, పుణ్యముంటుంది. ఇంట్లో కూర్చుని నా డబ్బాల్లో గింజలు లెక్కపెడుతున్నారు."

బయలుదేరే ముందు జపమాల సంచిలో చెయ్యి పెట్టి చూసుకున్నాను. అడుగున పసుపురంగు మైనపు పెన్సిల్ ఉంది. టైర్ల మీద గుర్తులు పెట్టుకోవడానికి మెకానిక్కులు వాడతారు. అది నాది కాదు.

పన్నెండేళ్ల కిందట కూడా నన్ను లాక్కెళ్లింది ఈ బావమరిదే. పోటీకి ముందు పొద్దున, బళ్లు సిద్ధం చేసే చోటికి జనాన్ని వదిలారు. ఎవరి నంబరు ఎంతో కాగితం మీద రాసుకుందామని చూస్తే నా దగ్గర కలం లేదు. ఒక మెకానిక్ టైరు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన చెవి వెనక ఈ పెన్సిల్ ఉంది. అడిగాను. ఆయన నన్నొకసారి చూసి, తీసి ఇచ్చాడు. "కాసేపట్లో తెచ్చివ్వండి. మావాడి బోర్డు మీద రాయాలి."

బండి మీద కూర్చున్న కుర్రాడు పకపకా నవ్వాడు. ఛాతీ మీద అరవైమూడు అని నంబరు. "మీరు అదృష్టవంతులండీ! మా నాన్న నాకు కిడ్నీ అయినా ఇస్తాడు గానీ ఆ పెన్సిల్ ఇవ్వడు."

నేను తిరిగి ఇవ్వలేదు. జనంలో పడి మర్చిపోయాను. పోటీ మొదలైంది. నా అలవాటు కొద్దీ జంపు అనే, బళ్లు గాల్లోకి ఎగిరే మట్టిదిబ్బ కింద నిలబడి లెక్కపెట్టాను. నలభై గేట్లు, నలభై బళ్లు. రెండో ల్యాపులో, అంటే రెండో చుట్టులో, నలభై. మూడో ల్యాపులో ముప్ఫై తొమ్మిది. కానీ మా పని నియమం ఉంది కదా, రెండోసారి లెక్కపెట్టాను. నాలుగో ల్యాపులోనూ ముప్ఫై తొమ్మిదే. అప్పుడు పరుగెత్తి, జెండా పట్టుకున్న మార్షల్‌కు చెప్పాను. అవతలి మలుపులో ఎత్తుగట్టు దాటి పొదల్లో పడి ఉన్నాడు అరవైమూడు. అక్కడ పడితే ఎవరికీ కనబడదు. ఒక ల్యాపుకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలే నా సందేహం.

ఇప్పుడు అదే గట్టు, అదే జంపు. మేము బళ్లు దిగే వైపున మట్టిగట్టు మీద కూర్చున్నాం. పెట్రోలు వాసన, తడిపిన మట్టి వాసన కలిసిపోయి ఉన్నాయి. మైకులో ఒకడు రెండు భాషల్లో ఊపిరాడకుండా అరుస్తున్నాడు. జనం రకరకాల దేశాల జెండాలు ఊపుతున్నారు. గేట్ల వెనక నలభై బళ్లు ఒక్కసారి గొంతెత్తేసరికి ఆ మోత చెవుల్లోకి రాలేదు, నేరుగా పక్కటెముకల్లోకి వచ్చింది. గేట్లు పడ్డాయి. దారి తెరుచుకుని నలభై మంది ఒకే మలుపులోకి దూరారు. అంత మంది అందులో ఎలా పట్టారో ఆ దేవుడికే తెలియాలి. మొదటివాడు జంపు మీదికి లేచినప్పుడు బండి కడుపు నాకు కనిపించింది. మనిషి అంత ఎత్తున, ఏమీ తొందర లేనట్టు, ఒక చేత్తో కళ్లద్దాల మీది పలచటి ప్లాస్టిక్ పొరను చింపి గాలిలోకి వదిలాడు. బండి దిగింది. నా అరికాళ్ల కింద నేల అదిరింది.

"చూశావా బావా! ఎలా ఉంది?"

చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది. భయం వెయ్యాల్సిన చోట దేవుడు ఇంత అందం ఎందుకు పెట్టాడో అనుకున్నాను.

మొదటి ల్యాపులో అంతా గుంపు. రెండో ల్యాపుకు మాలలో పూసల్లా విడిపోయారు. దుమ్ముకు నేను కళ్లు మూసుకున్నాను. చెయ్యి సంచిలోకి వెళ్లింది. ఒక్కో అదురుకు ఒక్కో పూస. నలభై అయ్యాయి. కళ్లు తెరవబోతుంటే ఇంకొక అదురు వచ్చింది. బొటనవేలు ఇంకో పూస దాటింది.

ఆ అదురుతో ఇంజను మోత రాలేదు.

కళ్లు తెరిచాను. జంపు ఖాళీగా ఉంది. దిగే చోట మట్టి నెమ్మదిగా జారుతోంది.

మూడో ల్యాపు. నలభై. చివరివాడు మలుపు తిరిగాడు, మోత సన్నబడింది. ఆ నిశ్శబ్దంలో, ఎవరో తలుపు అవతల బస్తా దించినట్టు, ఒక అదురు. నలభై ఒకటి.

"ఒరే, ఎన్ని బళ్లు నడుస్తున్నాయి?"

వాడు ఫోన్‌లో చూశాడు. "నలభై. ఇంకా ఎవరూ పడలేదు. ఏం?"

"చివరి బండి వెళ్లాక నేల అదరలేదూ?"

"బావా, ఆ మాలతో దేవుడి పేరు లెక్కపెట్టాలి. బళ్లు లెక్కపెడితే ఇలాగే ఎక్కువ వస్తాయి. అక్కకి చెప్తానుండు."

అప్పుడే ఆయన కనిపించాడు. జంపు దాటిన వెంటనే మెకానిక్కులు కంచె పట్టుకుని వరసగా నిలబడతారు. తమ రైడరు వస్తుంటే బోర్డు మీద ఎన్నో స్థానమో, ఎన్ని ల్యాపులు మిగిలాయో రాసి చూపిస్తారు. అందరూ బోర్డులు దించేశాక, వరస చివర్న ఒక ముసలాయన తన బోర్డు ఎత్తాడు. ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తల తిప్పాడు, ఎవరినో చూపుతో సాగనంపుతున్నట్టు. తర్వాత దించాడు. బోర్డు మీద ఏమీ రాసి లేదు.

"ఆయనా?" అన్నాడు నా బావమరిది, గొంతు తగ్గించి. "అరవైమూడు వాళ్ల నాన్న. గుర్తుందా, ఆ ఏడు... ఏటా వస్తాడు. అలా ఖాళీ బోర్డు చూపించి వెళ్లిపోతాడు. ఎవరూ ఏమీ అనరు."

మొదటి పోటీ అయ్యేదాకా లెక్కపెట్టాను. ప్రతి ల్యాపులోనూ నలభై ఒకటి. రెండు, మూడుసార్లు కాదు, పదిహేనుసార్లు సరిచూశాను. ఇక నా నియమం నన్ను ఆపడానికి వీల్లేదు.

రెండో పోటీకి రెండు గంటల వ్యవధి ఉంది. జనాన్ని కంచెదాకా రానిచ్చారు. ఆయన బోర్లించిన పెట్టె మీద కూర్చుని, ఖాళీ బోర్డునే గుడ్డతో తుడుస్తున్నాడు. ఈ మనిషి నన్ను తిట్టినా, కొట్టినా న్యాయమే అనుకుంటూ వెళ్లి నిలబడ్డాను.

"అయ్యా, ఆ రోజు మీ అబ్బాయి కనబడలేదని మార్షల్‌కు చెప్పింది నేను."

ఆయన తల ఎత్తాడు. "మీరా! ఎవరో పెద్దమనిషి చెప్పాడన్నారు. మీకోసం వెతికాను కూడా. దణ్ణం పెట్టుకుందామని."

"పెట్టకండి. నేను ఒక ల్యాపు ఆలస్యంగా చెప్పాను. ముప్ఫై తొమ్మిది వచ్చిందని నాకు ముందు ల్యాపులోనే తెలుసు. నా లెక్క సరిచూసుకుందామని ఆగాను."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. నా బావమరిది అంతసేపు నోరు మూసుకుని నిలబడటం నా పెళ్లయినప్పటి నుంచీ నేను చూడలేదు.

"పడ్డ క్షణంలోనే పోయాడని డాక్టరు అన్నాడు" అన్నాడు చివరికి. "నిజమే చెప్పాడో, నేను తండ్రిని కదా అని అలా చెప్పాడో నాకు తెలీదండీ. రెండోసారి అడగడానికి ధైర్యం చాల్లేదు. మీకు తెలీదు, నాకూ తెలీదు. అంతే."

"ఇంకో మాట. ఇవాళ కూడా లెక్కపెట్టాను."

"ఎన్ని వచ్చాయి?"

"నలభై ఒకటి."

ఆయన నా చెయ్యి పట్టుకుని పెట్టె మీద పక్కన కూర్చోబెట్టాడు. ఆయన వేళ్లు మంచులా ఉన్నాయి. "నాకొక్కడికే పిచ్చెక్కిందనుకున్నాను. నాకు కనబడడండీ. అందరూ వెళ్లాక ఎదురుగాలి వచ్చి బోర్డు చేతిలో కొట్టుకుంటుంది. చెట్ల ఆకులు కదలవు. బోర్డు ఒక్కటే కదులుతుంది."

"మరి బోర్డు మీద ఏమీ రాయరేం?"

"ఆ రోజు రాయలేదు. పెన్సిల్ ఎవరికో ఇచ్చాను. ఖాళీ బోర్డు చూపిస్తే నవ్వుకుంటూ పోయాడు వెధవ, నేను మతిమరుపు వాణ్ణని. రాయడానికి ఏదైనా దొరుకుతుందేమోనని పక్కకు వెళ్లాను, తర్వాతి ల్యాపులో వాడు రాకపోవడం చూడలేదు." ఆయన కూడా కొంచెం నవ్వాడు. "వాడికీ నాకూ ఒక ఒప్పందం ఉండేది. దెబ్బ తగిలినా, బండి చెడినా, నేను 'లోపలికి రా' అని రాసి చూపిస్తే తప్ప వాడు ట్రాక్ దిగకూడదు. చిన్నప్పుడు ఊరికే భయపడి దిగిపోతుంటే నేనే పెట్టాను. తర్వాత మొండికెత్తి వాడే నన్ను ఆడించాడు. నేను రాయందే దిగడు."

"వేరే దేంతోనైనా రాయొచ్చు కదా?"

"ఎన్నిసార్లు కొన్నానో! సుద్దముక్కలు, రంగులు. రాయబోతే చెయ్యి రాదు. అవి వాడికి చూపించేవి కావేమో అనిపిస్తుంది. ఎక్కడో ఎవరి దగ్గరో ఉండే ఉంటుంది ఆ పెన్సిల్."

నేను లేచి వచ్చేయలేదు. సంచి తాడు విప్పుతుంటే వేళ్లు తిరగలేదు. అప్పుడే మైకువాడు రెండో పోటీ అని కేకపెట్టాడు. జనం మమ్మల్ని తోసుకుంటూ పోయారు. కంచె దగ్గర మెకానిక్కుల వరస నిండింది. ముసలాయన లేచి తన చివరి స్థానంలోకి వెళ్లాడు. మార్షల్ నన్ను చూసి ఏదో అనబోయి, ఆయన పక్కన ఉన్నానని ఊరుకున్నాడు. గేట్లు పడ్డాయి.

మొదటి ల్యాపు మోత దాటింది. రెండో ల్యాపు. అంత దగ్గర్నుంచి మట్టిపెళ్లలు మొహాన కొట్టాయి. నలభై. మోత సన్నబడింది. నా అరికాళ్ల కింద అదురు. ఆయన చేతిలో బోర్డు పటపటా కొట్టుకుంది. నా చొక్కా అంచు కూడా కదలలేదు.

పెన్సిల్ తీసి ఆయన ముందు పెట్టాను.

"కాసేపట్లో తెచ్చివ్వమన్నారు."

ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. తన పంటి గాటు ఉన్న చివరను వేలితో తడిమి చూసుకున్నాడు. బోర్డును మోకాలికి ఆనించి, పన్నెండేళ్ల నాటి మైనం గట్టిపడిపోతే నోటి ఆవిరితో వెచ్చబరిచి, పెద్ద అక్షరాలతో రాశాడు. లోపలికి రా.

మూడో ల్యాపు. బళ్లు ఒక్కొక్కటీ దూకుతున్నాయి. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. ముసలాయన బోర్డు ఎత్తాడు. నేల అదిరింది. బోర్డు కొట్టుకోలేదు. ఆయన తల ఎడమ నుంచి కుడికి తిరగలేదు. సగంలో ఆగి, కంచెలో బళ్లు లోపలికి వచ్చే సందు వైపు తిరిగింది. అక్కడ తడిమట్టి మీద ఏమీ లేదు. నాకు పెట్రోలు వాసన చాలా దగ్గరగా వేసింది. తర్వాత పోయింది.

నాలుగో ల్యాపు. నలభై. నా బొటనవేలు తర్వాతి పూస మీద ఆగి ఎదురుచూసింది. నేల కదలలేదు.

"అయ్యిందా?" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

"ఇంకొక్క ల్యాపు ఆగండి. సరిచూసుకుని చెప్తాను."

ఐదో ల్యాపు. నలభై. చివరి బండి వెళ్లాక అరికాళ్లు నేలకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఏమీ రాలేదు. మట్టిగట్టు మీంచి నా బావమరిది చేతులూపుతూ నన్ను పిలుస్తున్నాడు.

"నలభై" అన్నాను.

ఆయన తల ఆడించాడు. బోర్డు మీది అక్షరాలను చెరపకుండా, జాగ్రత్తగా గుడ్డ చుట్టాడు. ఆ పెన్సిల్‌ను ఎప్పటిలాగే చెవి వెనక పెట్టుకున్నాడు.