హన్నా ముందే భోంచేసింది

అమెరికాలో, మోరిస్‌విల్‌లోని దయామణి ఆంటీ ఇంట్లో శనివారం ప్రార్థనకూటం పెట్టిన ప్రతిసారీ, ప్రార్థనాంశాల కాగితంలో నాలుగో నంబరు స్పందనదే: ‘నిశాంత్, స్పందనలకు గర్భఫలం.’ ఐదేళ్లుగా అది కదల్లేదు. ఒకటో నంబరులో గ్రీన్‌కార్డులు వచ్చాయి. రెండులో ఉద్యోగాలు దొరికాయి. మూడులో ఉన్న శేషగిరి అంకుల్ మోకాలు కూడా బాగుపడి కాగితం దిగిపోయింది.

కూటం తర్వాత భోజనం మరో పరీక్ష. స్పందన బిర్యానీ వద్దంటే ఆంటీలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మామిడికాయ పచ్చడి రెండోసారి వేసుకుంటే ఇంకాస్త సేపు చూసుకునేవారు. అందుకని రెండేళ్లుగా వడ్డన తన నెత్తిన వేసుకుని, గిన్నెలు కూడా తోమేసి, ఇంటికెళ్లి పాలల్లో సీరియల్ వేసుకుని తినేది.

2011 వేసవిలో రెండో ఐవీఎఫ్ కూడా నిలవలేదు. ఆనాటి నుంచి ఆమె ప్రార్థన మానేసింది. భర్త నిశాంత్ ప్రార్థిస్తుంటే పక్కన కూర్చుని ఆమెన్ మాత్రం అనేది. ఆ సంగతి అతనికీ తెలియదు.

అలాంటప్పుడు దయామణి ఆంటీ ఫోన్ చేసింది. “వచ్చే శనివారం వాక్యం నువ్వే చెప్పాలమ్మా. హన్నా మీద.”

“నేనెందుకాంటీ?”

“ఆవిడ బాధ నీకు తెలిసినంత మాకేం తెలుసు? మాకందరికీ అడక్కుండానే పుట్టేశారు.”

మాట నిజమే కాబట్టి కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది. ఈ ఒక్కటీ చెప్పేసి, ఇక కూటానికి రానని చెప్పేద్దామనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం, డ్రయ్యర్‌లో బట్టలు తిరుగుతుండగా బైబిల్ తెరిచింది. సండేస్కూల్ నుంచీ తెలిసిన కథే. ఏటేటా మందిరానికి వెళ్లడం, పిల్లల్లేరని సవతి దెప్పిపొడుపులు, హన్నా అన్నం మానేసి ఏడవడం, చివరికి కొడుకు సమూయేలు పుట్టడం. బిడ్డ పుట్టాక విశ్వాసం ఎవరికైనా ఉంటుంది అనుకుంటూ చదువుతున్నది కాస్తా ఒకచోట ఆగింది. పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చూసుకుంది. డ్రయ్యర్ గంట కొట్టినా లేవలేదు.

శనివారం ఇరవైమంది ముందు నిలబడి, రాసుకున్న కాగితం మడిచేసింది.

“హన్నా గొంతు వినపడకుండా పెదాలు కదుపుతూ దేవుడికి గుండెలోది చెప్పుకుంటుంటే యాజకుడు తాగొచ్చావా అన్నాడు. ఆవిడ లేదండీ అని ఉన్నది చెప్పింది. ఆయన దీవించాక వెళ్లి భోంచేసింది. మొహంలో దిగులు పోయింది. అప్పటికింకా బిడ్డ లేడు, ఎప్పుడు పుడతాడో ఎవరూ చెప్పలేదు. ముందే భోంచేసింది.” మడిచిన కాగితం బైబిల్లో పెట్టేసింది. “నేను రెండేళ్లుగా మీతో కూర్చుని తినలేదు. ఈమధ్య ప్రార్థన కూడా చేయలేదు. ఆమెన్ అంటున్నానంతే.”

నిశాంత్ తలెత్తి ఆమెవైపు చూశాడు. శేషగిరి అంకుల్ అలవాటుగా ఆమెన్ అనబోయి ఊరుకున్నాడు.

ఆ పూట వడ్డన నిశాంత్ చేశాడు. స్పందన పళ్లెం పట్టుకుని సోఫాలో ఆంటీల మధ్య ఇరుక్కుని కూర్చుంది. పచ్చడి రెండోసారి వేసుకుంది. గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చిన అత్తగారు సువార్తమ్మ ఆమె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

“ఏమన్నా విశేషమా అమ్మా?”

“లేదత్తయ్యా. ఆకలి.”

సువార్తమ్మ ఒక్క క్షణం చూసి, తన పళ్లెంలోని కోడిముక్క తీసి కోడలికి వేసింది.

దయామణి ఆంటీ కళ్లజోడు పెట్టుకుని కాగితంతో వచ్చింది. “వచ్చేవారానికి అందరికీ మెయిల్ చేయాలి. నాలుగో నంబరు ఉంచనా, డిలీట్ చేయనా?”

స్పందన నోట్లో ముద్ద మింగింది.

“ఉంచండాంటీ. ఈ వారం నుంచి నేనూ ప్రార్థన చేస్తాను.”