అరికాలు చూసిన అద్దం

నేను ఒక చేతి అద్దాన్ని. వెనక ఎర్ర రంగు, చుట్టూ రేకు అంచు, మేకుకు తగిలించుకోవడానికి పైన ఒక కొక్కెం. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. విజయనగరంలో ఒక బీరువాల దుకాణం వెనక, పొడవాటి అద్దం ఒకటి కొలతకు మించి వచ్చింది. కోసేవాడు దాని మీద గీత గీసి టక్కున విరిచాడు. పెద్ద ముక్క బీరువాకు వెళ్ళింది. మిగిలిన ముక్కను నేను. పారేయడానికి మనసొప్పక ఎవరో రేకు తొడిగి అమ్మకానికి పెట్టారు.

నన్ను మొదట కొన్నది గురయ్య అనే మంగలి. జూట్ మిల్లు గేటు ఎదురుగా టార్పాలిన్ కింద ఒక కుర్చీ వేసుకుని క్షవరాలు చేసేవాడు. మనుషుల గురించి నేను నేర్చుకున్నదంతా అక్కడే. మీసం ఉన్నవాడు మీసం చూసుకునేవాడు. జుట్టు రాలుతున్నవాడు మిగిలిన జుట్టు చూసుకునేవాడు. ఎవరూ మొత్తం మొహం చూసుకోగా నేను ఎరగను. గురయ్య కత్తి ఎప్పుడైనా కాస్త జారిందంటే మాత్రం మొహం మొత్తం ఒక్కసారిగా ముడుచుకుపోయేది. ఇంత చిన్న గాటుకు ఇంత పెద్ద మొహం అల్లాడిపోవడం చూసి నాకు లోపల నవ్వొచ్చేది. మనిషంటే మొహమేననీ, దెబ్బ తగిలితే మొహానికి తెలిసిపోతుందనీ అప్పట్లో నా నమ్మకం.

గురయ్య పెద్ద అద్దం కొన్నాక నేను మూలన పడ్డాను. ఒకరోజు మిల్లులో పనిచేసే సన్నాసి గడ్డం గీయించుకుని నా వైపు చూపించాడు.

"ఆ పాతద్దం నాకిచ్చీయి గురయ్యా."

"ఎవలికి?"

"మా ఆడదాని కాలికి."

గురయ్య కత్తి తుడవడం ఆపి, "కాలికేటి, మీసమొచ్చిందా?" అన్నాడు. కుర్చీ దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. సన్నాసి కూడా నవ్వాడు కానీ సంగతేమిటో చెప్పలేదు. నన్ను తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రమే నేను మొదటిసారి అరికాలు చూశాను.

సన్నాసి భార్య పేరు దాలమ్మ. పెళ్ళయిన కొత్తల్లో ఆమెకు కుష్టు వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆ పేరు పలకరు, పెద్దరోగం అంటారు. ఆస్పత్రి వాళ్ళిచ్చిన మాత్రలు మానకుండా మింగింది. రోగం పోయింది. కానీ పోతూ పోతూ పాదాల్లో ఉన్న స్పర్శను కూడా పట్టుకుపోయింది. చేతి వేళ్ళు కొన్ని లోపలికి ముడుచుకుపోయాయి. నిప్పు మీద నడిచినా, మేకు మీద నడిచినా ఆమె కాళ్ళకు ఒకటే. ఆస్పత్రి నుంచి ఊళ్ళు తిరిగే సుగుణమ్మను అందరూ మందులమ్మ అనేవారు. అద్దం తెచ్చుకోమన్నది ఆమే.

"నీ కాలికి నొప్పి చెప్పడం రాదు దాలమ్మా. కాబట్టి రోజూ నువ్వే వెళ్ళి దాన్ని పలకరించాలి" అని చెప్పిందట.

అప్పటి నుంచి నా పని అదే. రోజూ దీపాలు పెట్టే ముందు దాలమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసుకుని కాళ్ళు నానబెట్టుకునేది. గరుకు రాయితో గట్టిపడిన చర్మం రుద్ది కొబ్బరినూనె రాసుకునేది. ఆమె వేళ్ళకు నేను సరిగ్గా నిలవను కాబట్టి సన్నాసి నన్ను ఆమె పాదం కింద పట్టుకునేవాడు. వాన వస్తుందో రాదో చెప్పినట్టు, "ఈ పూటకి బాగుంది" అనేవాడు. ఆమె నల్ల రబ్బరు చెప్పులు తొడుక్కుని వంటకు లేచేది.

ఒకరోజు సన్నాసి "బాగుంది" అనలేదు. అరికాలి మధ్యలో తుమ్మ ముల్లు, మొదలంటా దిగిపోయి ఉంది. దాలమ్మ పైన చింతపండు గింజలు తీస్తూ, ఎదురింటి కోడలు అత్తను ఎలా ఏడిపించిందో చెబుతూ నవ్వుతోంది. సన్నాసి పిన్నీసుతో ముల్లు లాగాడు. రక్తం వచ్చింది. ఆమె కథ ఆగలేదు. నవ్వు కూడా ఆగలేదు.

నేను నిర్ఘాంతపోయాను. గురయ్య కుర్చీలో చుక్క రక్తానికి అల్లాడిన మొహాలు చూసినదాన్ని. ఇక్కడ పాదంలో ముల్లు దిగితే మొహానికి కబురే అందలేదు. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బతుకుతున్నట్టు అనిపించింది. మనిషంటే మొహం అనుకున్న నా తెలివి ఆ పూటతో సరి.

ఆ ఇంట్లో ఇంకొకామె కూడా ఉండేది. సన్నాసి అక్క పారమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. గట్టి మనిషి. ఇల్లంతా ఆమె చేతి మీదే నడిచేది. నా ముందు నుంచి వెళ్ళేటప్పుడు మాత్రం తల పక్కకు తిప్పుకునేది. మొదట్లో నన్నంటే గిట్టదేమో అనుకున్నాను. భర్త పోయిన ఆడది అద్దం చూడకూడదని వాళ్ళ పట్టింపు అని తరవాత తెలిసింది.

సన్నాసి ఒక మధ్యాహ్నం మిల్లులో గుండె పట్టుకుని కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

పెద్దకర్మ నాడు నన్ను గోడ వైపు తిప్పేశారు. కాబట్టి నేను చూడలేదు, విన్నాను. తెల్లారగానే ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చారు. దాలమ్మకు కొత్త చీర కట్టి, పువ్వులు పెట్టి, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు తొడిగారు. ఆఖరుసారి ముత్తైదువలా చూసుకోవాలట. తీసేయడానికే తొడగడం మనుషులు ఎందుకు నేర్చుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"సెప్పులిప్పీయే దాలమ్మా, ఇదేటి సంతా?" అని ఎవరో అన్నారు.

"దాని కాళ్ళ సంగతి మీకు తెల్దు" అని పారమ్మ గొంతు వినిపించింది.

"ఒక్క గడియకేటవుద్ది?"

రబ్బరు చెప్పులు ఒక మూలన పడ్డ చప్పుడు వినిపించింది. తరవాత పెరట్లో రాతి మీద గాజులు పగిలాయి. గాజు పగిలే చప్పుడు నాకు బాగా తెలుసు, అలాంటి చప్పుడులోంచే పుట్టాను. ముక్కలు ఎంత దూరం ఎగురుతాయో కూడా తెలుసు. ఏడుపులు, నీళ్ళు పోసే చప్పుడు, తడి కాళ్ళతో లోపలికి వచ్చే అలికిడి. ఆ ఏడుపులన్నీ సన్నాసి కోసమే. కాలి కోసం ఎవరూ ఏడవలేదు.

ఆ సాయంత్రం దాలమ్మ అలవాటుగా పళ్ళెంలో నీళ్ళు పోసుకుంది. నా కోసం చెయ్యి చాచింది.

"ఇంక అదెందుకే?" అంది పారమ్మ. కసురుకోలేదు, మెల్లగానే అంది. "నానేటి, సూసుకుని బతుకుతున్నానా?"

"మొకానికి కాదొదినా, కాలికి."

"దేనికైనా అద్దమద్దమే. వాడు పోయి నిండా నెల్లేదు. జనం ఏటంతారు?"

దాలమ్మ చెయ్యి వెనక్కి పోయింది. పారమ్మ నన్ను కొంగుతో పట్టుకుని తన ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. అక్కడ నాకంటే ముందే ఒక చిన్న అద్దం బోర్లా పడుకుని ఉంది. మచ్చలు పడి, ఎప్పుడు వెలుగు చూసిందో మరిచిపోయిన అద్దం. అది ఎవరిదో అడగక్కర్లేకపోయింది.

ఆ చీకట్లో ఎంతకాలం ఉన్నానో తెలియదు. పెట్టె మూత సందులోంచి మాటలు మాత్రం వచ్చేవి. దాలమ్మ మళ్ళీ పనిలోకి వెళ్తోందని, నీళ్ళు మోస్తోందని తెలిసేది. కొన్నాళ్ళకు ఇంట్లో ఈగలెక్కువయ్యాయని పారమ్మ విసుక్కుంది. ఎలకేదో చచ్చినట్టుందని మూలమూలలా వెతికించింది. తరవాత ఒక పొద్దున, "అలికిన నేల మీద ఈ మరకలేటే?" అన్న కేక. మరకల వెంటే నడిచి వెళ్ళినట్టుంది, కాసేపటికి ఆమె గొంతు దాలమ్మ దగ్గర ఆగింది.

"ఒలే, కాలెత్తు."

రెండడుగులు వెనక్కి వేసిన అలికిడి వినిపించింది.

"తిరగబెట్టినాదే" అంది పారమ్మ. "పెద్దరోగం మళ్ళీ వొచ్చినాది."

ఆ రోజు నుంచి దాలమ్మకు పళ్ళెం వేరు, చాప వేరు. దాలమ్మ కూడా నమ్మింది. మొగుడు పోయాడు, రోగం తిరిగొచ్చింది, నా రాత ఇంతే అని ఎవరితోనో అంటుంటే విన్నాను. అయినా ఆ కాలితోనే నడుస్తోంది. నొప్పి లేదు కదా, కూర్చోమని చెప్పేదెవరు?

మందులమ్మ వచ్చిన రోజున ఆమె గొంతు అంత గట్టిగా ఉండటం మొదటిసారి విన్నాను.

"రోగం రాలేదు. పోయిన రోగం ఇలా రాదు. ఇది దెబ్బ. మొద్దుబారిన కాలికి ఏదో గుచ్చుకుంది, దాంతోనే నడిచావు, పుండు పడింది. రోజూ చూసుకోమన్నానా? అద్దమేది?"

మంచినీళ్ళు తెస్తానని పారమ్మ కదిలిన అలికిడి.

"అద్దమేదని అడుగుతున్నాను."

పెట్టె మూత తెరుచుకుంది.

నన్ను ఆ పాదం కింద పట్టుకున్నప్పుడు, నా ముఖంలోకి వచ్చింది ఏమిటో మొదట నాకే తెలియలేదు. బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత గుంట. అంచులు తెల్లగా దళసరిగా లేచి ఉన్నాయి. లోపల చీము, దాని అడుగున పసుపు తిరిగిన తెల్లనిదేదో. అది ఎముక. బతికున్న మనిషి ఎముకను, ఆ మనిషి తాపీగా "కాఫీ తాగుతావా మందులమ్మా" అని అడుగుతుండగా చూశాను. పగలడానికి కారణం ఉండి కూడా పగలకుండా ఎలా ఉన్నానో తెలియదు. పారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది.

దాలమ్మను అదే రోజు కుష్టు ఆస్పత్రికి తీసుకుపోయారు. సంచిలో నేనూ వెళ్ళాను. డాక్టరు కడిగి, సన్నటి పట్టకారు లోపలికి పోనిచ్చాడు. మత్తు కూడా అక్కర్లేకపోయింది. దాలమ్మ పైకప్పు మీద బల్లిని చూస్తూ పడుకుంది. పట్టకారుకు గట్టిగా ఏదో తగిలి టిక్కుమంది. బయటికి లాగి పింగాణీ గిన్నెలో వేసి నీళ్ళు పోశాడు. రక్తం పోయాక అది ఆకుపచ్చగా మెరిసింది.

"గాజు పెంకు" అన్నాడు డాక్టరు.

దాలమ్మ తల ఎత్తి గిన్నెలోకి చూసింది.

"నా గాజే" అంది. "ఆ రోజుది."

మందులమ్మ చేతిలో కట్టుగుడ్డ అలాగే ఉండిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ పారమ్మ మెల్లగా నేల మీద కూర్చుంది. ఆ గాజులు తొడిగినవాళ్ళు దాలమ్మ సొంత మనుషులే, పగలగొట్టినవాళ్ళు వాళ్ళే, చూసుకునే అద్దం దాచినవాళ్ళూ వాళ్ళే. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే నాకు ఇంకా భయం వేసిన సంగతి.

"చీము ఎముకకు పట్టింది" అన్నాడు డాక్టరు. "ముందు వేలు తీస్తాను. అక్కడితో ఆగితే పాదం మిగులుతుంది. పైకి పాకితే చీలమండ దగ్గర తీసేయాలి."

వేలు తీశారు. పాదం ఎత్తుగా కట్టి దాలమ్మను మంచం దిగనివ్వలేదు. జీవితంలో మొదటిసారి ఆమె పని లేకుండా పడుకుంది. కట్టు విప్పిన ప్రతిసారీ ఆ గది ఊపిరి బిగబట్టేది. పారమ్మ రోజూ బస్సెక్కి అన్నం తెచ్చేది. మంచానికి దూరంగా నిలబడి, గిన్నె పెట్టి, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళేది. వాపు దిగింది. గుంట అడుగు నుంచి ఎర్రగా, శుభ్రంగా పూడుకుంటూ వచ్చింది. చివరికొక పొద్దున డాక్టరు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నిలిచింది" అన్నాడు.

తరవాత పారమ్మ వైపు తిరిగాడు.

"ఇంటికి పంపిస్తాను. కానీ చూసేవాళ్ళు ఉంటేనే. ఆమె వేళ్ళు అద్దం పట్టుకోలేవు. రోజూ ఎవరో ఒకరు పట్టుకోవాలి. లేకపోతే మళ్ళీ ఇక్కడికే వస్తుంది, అప్పుడు ఈ పాదంతో వెనక్కి వెళ్ళదు. ఇంట్లో ఎవరున్నారు?"

"నాను తప్ప ఎవులున్నారు" అంది పారమ్మ.

డాక్టరు వెళ్ళిపోయాడు. నేను మంచం పక్కన బల్ల మీద ఉన్నాను. పారమ్మ నన్ను చూడకుండా చాలాసేపు కిటికీ వైపు చూసింది. దాలమ్మ అడగలేదు. అడిగితే వదిన ఏమంటుందో ఆమెకు తెలుసు, అందుకే అడగలేదు.

"జనం ఏటంతారో" అంది పారమ్మ తనలో తాను.

"మానీ ఒదినా. నానే ఎలాగో..."

"నోర్ముయ్యే. నీ యేళ్ళకి గెంటె నిలవదు, అద్దం నిలుస్తాదా?"

వచ్చి నన్ను తీసుకుంది. ఈసారి కొంగు అడ్డం పెట్టలేదు. మంచం అంచున కూర్చుని, దాలమ్మ పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుని నన్ను కింద పట్టింది. నన్ను అటూ ఇటూ వంచితే నాలో పాదం కూడా అటూ ఇటూ కదిలింది. మెల్లగా నిలిచింది.

"ఏటున్నాదొదినా?"

"ఎర్రగా ఏటీ లేదు. మడమ కాడ కొంచెం బీటలిచ్చినాది. నూనె రాయాల."

"ఇంకేటీ లేదా?"

"లేదన్నాను కదే. నమ్మవేటి?"

పాదం కిందికి దించాక నన్ను బల్ల మీద పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ఒకసారి తలుపు వైపు చూసింది. తరవాత తన కాలు పైకి మడిచి, అరికాలి కింద నన్ను పట్టుకుంది. జీవితమంతా చెప్పుల్లేకుండా నడిచిన కాలు అది. ఇన్నేళ్ళు అద్దమే చూడని మనిషి, చూడటం మొదలుపెట్టింది అక్కడి నుంచి. మడమ పక్కన నల్లగా ఒక చుక్క కనిపించింది. ఆమె అనుమానంగా దాన్ని వేలితో నొక్కింది.

"అబ్బా" అంది.

దాలమ్మ దిండు మీద నుంచి లేచి కూర్చుంది. పక్కింట్లో పండగ వంటల వాసన వస్తే ఆశగా చూసినట్టు వదిన మొహంలోకి చూసింది.

"నొచ్చినాదా?"

"ముల్లు లాగుంది. నొవ్వదేటి?"

"మళ్ళీ నొక్కు" అంది దాలమ్మ.

పారమ్మ ఆమె వైపు ఒక క్షణం చూసి, మళ్ళీ నొక్కింది.