కాపు విప్పని చెయ్యి

మొండికేసిన పిల్లాడి చేత మందు మింగించడం పాపాత్తికి తెలుసు. ముక్కు పట్టుకుని నోట్లో పోసి, మింగాక బెల్లం ముక్క పెడితే సరిపోతుంది. అరవై దాటిన మొగుడు దేవుడి పేరు చెప్పి మందు వద్దంటే ఏం చేయాలో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"కాపు కట్టిండాను గదా పాపాత్తీ," అంటాడు శంకరలింగం రోజూ పొద్దున్నే, కుడి చెయ్యి చాపి చూపిస్తూ. "మాత్ర తాగకూడదు. మారియాత్తాకు కోపం వస్తాది."

ఆ మణికట్టు బోసిగా ఉంటుంది. అమ్మవారి పండుగకు కాపుగా కట్టిన పసుపు తాడు విప్పేసి అప్పటికి నెల దాటింది. ఆమె కళ్ల ముందే విప్పారు. కట్టిన రోజు ఆయన బుర్రలో భద్రంగా ఉంది, విప్పిన రోజు మాత్రం లేదు.

"విప్పేసినారు మామా. కోవిల పూసారే వచ్చి విప్పినాడు. నువ్వే కొబ్బరికాయ కొట్టినావు."

"ఎప్పుడు?" అని అడుగుతాడు శంకరలింగం. నిజంగానే తెలియక అడుగుతాడు, పాపం. ఆయన ఆమెకు వరసకే కాదు, సొంత మేనమామ. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె నోటికి మామా తప్ప ఇంకో పిలుపు రాలేదు. ఆ మామ తనతో ఏనాడూ అబద్ధమాడలేదని ఆమెకు తెలుసు. అందుకే కోప్పడడానికి కూడా వీల్లేకపోయింది.

రాజపాళయంలో ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపం దొరకడం కష్టం. మండపం దొరికాక వంటకు శంకరలింగం దొరకడం ఇంకా కష్టం. అలాంటి చెయ్యి ఆయనది. కాగితం ముక్క అక్కర్లేదు. వరసగా పొయ్యిలు వెలిగించి మధ్యలో నిలబడితే, ఎవరు ఎప్పుడు ఏది కోయాలో, ఏది దించి ఏది ఎక్కించాలో అంతా ఆయన తలలోనే ఉండేది. పాయసం పొయ్యి మీద ఉండగానే అప్పడాల నూనె కాగాలని ఆయన నోరు చెప్పేది. ఊరంతా తిన్నాక చివర్లో తను మజ్జిగ అన్నం తినేవాడు.

మూడేళ్ల కిందట మంసాపురంలో ఒక పెళ్లి వంటలో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వాతం అన్నారు. ఆస్పత్రిలో పెట్టారు. రక్తం గడ్డ కట్టకుండా ఒక మాత్ర, బీపీకి ఒక మాత్ర, కొవ్వుకు ఒకటి, జీవితాంతం మానకూడదని మరీ మరీ చెప్పి పంపారు. కొన్ని నెలలకు కాలు లేచింది, చెయ్యి గరిటె పట్టింది. మారియాత్త ఇచ్చిందని ఊరన్నది, పాపాత్తి కూడా అన్నది. మాత్రలు కూడా ఏదో చేసే ఉంటాయి. కానీ మాత్రలకు ఎవరూ కర్పూరం వెలిగించరు కదా.

చెయ్యి కాలు తిరిగొస్తే పంగుణి నెల పండుగలో అమ్మవారి అన్నదానం వంట ఆయన చేత కాపు కట్టుకుని చేయిస్తానని పాపాత్తి అప్పట్లోనే మొక్కుకుంది. ఆ వంటకు కట్టుబాట్లున్నాయి. కాపు కట్టిన మనిషి తాళింపు వేసిన కూడు తినకూడదు, పొలిమేర దాటి వేరే ఊరు పోకూడదు. ఒంట్లో బాగాలేకపోతే కోవిల్లో ఇచ్చే పసుపు నీళ్లు, వేపాకు. అంతకు మించి మందూ మాకూ ముట్టుకుంటే అమ్మను నమ్మనట్టే. ఈ ఏడు ఆ మొక్కు తీర్చే వంతు వచ్చింది. కాపు కట్టిన సాయంత్రం మాత్రల డబ్బాను పాపాత్తి తన చేత్తోనే అటక మీద పెట్టింది.

కొడుకు రామ్‌కుమార్ నూలు మిల్లులో ఫిట్టరు. షిఫ్టుకు బయల్దేరుతూ అది చూశాడు.

"అమ్మా, మాత్ర ఆపకూడదు. డాక్టరమ్మ అంత చెప్పింది గదా."

"చెయ్యి కాలు ఇచ్చింది డాక్టరమ్మా, ఆత్తానా? నువ్వు చెప్పు," అన్నది పాపాత్తి.

వాడు బండి తీసి వెళ్లిపోయాడు. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడిందని సామెత. ఈ ఇంట్లో మందు మానేస్తే ఊడింది.

అన్నదానం రోజు కోవిల వెనకాల పెద్ద పెద్ద అండాల్లో సాంబారు మరుగుతోంది. అమ్మకు పెట్టేదాకా ఆ వంటను ఎవరూ రుచి చూడకూడదు. ఉప్పు, పులుపు అన్నీ వంటవాడు వాసనతోనే కనిపెట్టాలి. శంకరలింగం గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. పక్కన గుమ్మడికాయ కోస్తున్న పేచ్చిముత్తు వైపు తిరిగాడు. పేచ్చిముత్తు ఆయన దగ్గర ఏళ్లుగా పని చేస్తున్నవాడు.

"ఇప్పుడు ఏమి వేయాలె?"

పేచ్చిముత్తు నవ్వాడు. గురువు తనను పరీక్షిస్తున్నాడనుకున్నాడు. శంకరలింగం నవ్వలేదు. మళ్లీ అదే అడిగాడు. మూడోసారి అడిగేసరికి పేచ్చిముత్తు కత్తి కింద పెట్టి పాపాత్తిని కేకేశాడు.

మనుషులు మూగారు. వాతం వస్తే ఎలా కనిపెట్టాలో ఈ రోజుల్లో అందరికీ తెలుసు, ఫోన్లలో వీడియోలు తిరుగుతూనే ఉంటాయి. నవ్వమన్నారు. నవ్వాడు, మూతి వంకర పోలేదు. రెండు చేతులూ ఎత్తమన్నారు. ఎత్తాడు, రెండూ సమంగా నిలబడ్డాయి. పేరు అడిగితే పేరు, తండ్రి పేరు కూడా చెప్పాడు.

"వాతం కాదు, ఎండ దెబ్బే," అన్నాడు ఒక పెద్దమనిషి.

అందరి గుండెలూ కుదుటపడ్డాయి. ఆ ఊళ్లో వాతమంటే చేతిలో, కాల్లో ఉండే జబ్బు. చెయ్యి కాలు ఆడుతుంటే ఇంక భయమేముంది? మజ్జిగ తాగించి నీడలో కూర్చోబెట్టారు. మిగతా వంట పేచ్చిముత్తు ముగించాడు. పాపాత్తి అమ్మవారి ముందు నిలబడి, చెయ్యి కాలు కాపాడినావు తల్లీ అని దండం పెట్టుకుంది. ఇప్పటికీ ఆ దండం తలుచుకుంటే ఆమెకు తన చేతులు తానే నరుక్కోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే పూసారి కాపు విప్పాడు. మర్నాడు శంకరలింగం చొక్కా మీద చొక్కా తొడుక్కుని, ఎప్పుడో పోయిన తల్లి ఇంకా నిద్ర లేవలేదేమని అడిగాడు. అప్పుడు పరుగెత్తారు ఆస్పత్రికి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక గల పిల్ల. స్కాను ఫిల్ము వెలుగులో పెట్టి చూపించింది. తోటలో డ్రిప్పు వేసినప్పుడు పెద్ద పైపు బాగానే ఉన్నా చివర్లో సన్న గొట్టాలు ఉప్పు పట్టి ఒక్కొక్కటే పూడిపోతాయి కదా, మీ ఆయన మెదడులో అదే జరుగుతోంది అన్నది. మీకు తెలియకుండానే చిన్న చిన్నవి ఎన్నో ఇదివరకే వచ్చి పోయాయని అక్కడక్కడా మచ్చలు చూపించింది. మొన్నటిది మెదడు నడిమధ్యన వచ్చింది. కందిపప్పు గింజంత ఉంది. చేతినీ కాలినీ నడిపించే చోటు కాదు, ఒకదాని తర్వాత ఒకటి ఏం చేయాలో చెప్పే చోటు, కొత్త సంగతులు దాచుకునే చోటు.

"మళ్లీ పాతలా అవుతారా?" అని అడిగాడు రామ్‌కుమార్.

కొంచెం కుదుటపడొచ్చు, అంతే అన్నది ఆమె. పోయినదాన్ని మాత్రలు తెచ్చివ్వవు, రాబోయేదాన్ని ఆపడానికే అవి. ఒక్కో గొట్టం మూసుకున్నప్పుడల్లా ఒక్కో మెట్టు దిగుతారు, కాబట్టి ఒక్క పూట కూడా మానకండి అన్నది. మధ్యలో మానారా అని అడిగింది. రామ్‌కుమార్ తల్లి వైపు చూడకుండా, మానినాము అన్నాడు. పాపాత్తి నేల వైపు చూస్తూ కూర్చుంది. వాడు తిట్టినా బాగుండేది.

అటక మీది డబ్బా కిందికి వచ్చింది. ఇంక ఒక్క మాత్ర కూడా తప్పనివ్వకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. తనవల్ల పోయింది ఎలాగూ పోయింది, మిగిలిన మనిషినైనా నిలబెట్టుకోవాలి. ఆ మిగిలిన మనిషేమో బోసి చెయ్యి చాపి, కాపు కట్టిండాను అంటాడు.

మాత్ర నూరి ఇడ్లీలో పెట్టి చూసింది. కొబ్బరి చట్నీలో కలిపి చూసింది. తిన్నామో లేదో మరిచిపోయే మనిషికి ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇందులో ఏమో వేసిండావు," అని పళ్లెం అవతలికి తోసేవాడు. "వంటవాడికే కల్తీ పెడతావా?"

చివరికి కోవిలకు వెళ్లి పూసారి ఇరులప్పన్‌ను బతిమాలింది. ఆయన జాలిపడి వచ్చాడు. పాపాత్తి ముందే ఒక పసుపు తాడు మొగుడి చేతికి కట్టి ఉంచింది. ఇరులప్పన్ కర్పూరం వెలిగించి, మంత్రం చెప్పి, తాడు విప్పాడు. శంకరలింగం కళ్లు మూసుకుని దండం పెట్టి, ఇచ్చిన మాత్రలన్నీ నీళ్లతో మింగేశాడు. పాపాత్తికి ఆ పూట అన్నం సయించింది.

తెల్లారింది. "కాపు కట్టిండాను గదా పాపాత్తీ," అన్నాడు.

ఇరులప్పన్ ఇంకొన్ని రోజులు వచ్చాడు. తర్వాత ఒకరోజు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అక్కా, కోపించుకోవద్దు. విప్పిన కాపును మళ్లీ మళ్లీ విప్పితే అది పూజ కాదు, కూత్తు. ఆత్తా పేరుతో నాటకం ఆడేదానికి నాకు భయంగా ఉండాది."

ఆయన్ను తప్పుపట్టడానికేముంది? ఆమెకూ భయమే. కానీ భయమని పూసారి తప్పుకున్నట్టు ఆమె తప్పుకోవడానికి లేదు. మర్నాటి నుంచి తానే తలస్నానం చేసి, తడి చీరతో, నుదుట పసుపు రాసుకుని, కర్పూరం పళ్లెం పట్టుకుని మొగుడి ముందు నిలబడసాగింది. మొదటి రోజు పసుపు తాడు కట్టి విప్పగానే శంకరలింగం, అమ్మవారే వచ్చిందనుకున్నాడేమో, వంగి ఆమె కాళ్లు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది. మేనమామ, మొగుడు, తన కాళ్లకు దండం పెట్టాడు. ఎన్ని జన్మలకు కడుక్కుంటుంది ఈ పాపాన్ని? అయినా కుడిచేత్తో మాత్ర అందించింది.

అలా అలవాటైంది. అలవాటయ్యాక ఆమెకు ఒక సంగతి తెలిసింది. రోజంతా గోడకు చూపు అతికించుకుని కూర్చునే మనిషి, ఆ కాసేపు మాత్రం పాత శంకరలింగమే. మాత్ర వద్దనేటప్పుడు గొంతు గట్టిగా ఉంటుంది, కళ్లలో వెలుగు ఉంటుంది. "ఆత్తా వంట అంటే ఆట గాదు. శుద్ధంగా ఉండాలె," అంటాడు. "పేచ్చిముత్తుకు చెప్పు, తాళింపు తలుచుకోనుకూడా కూడదు అని." పొయ్యిల మధ్య నిలబడి ఊరికి ఉత్తరువులిచ్చిన గొంతే అది. ఆ గొంతు వినడానికి ఆమె తాడును కాస్త నెమ్మదిగా విప్పేది.

పండుగ తర్వాత నాలుగో నెల, ఆడి వచ్చింది. మాత్రలు ఒక్కటి కూడా తప్పలేదు. ఒక మంగళవారం పొద్దున పాపాత్తి తలస్నానం చేసి పళ్లెంతో వచ్చేసరికి శంకరలింగం మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాపలేదు. ఆమె అరచేతిలో మాత్రలు చూసి నోరు తెరిచాడు.

ఆమెకు అర్థం కాలేదు. "మామా, కాపు?" అన్నది.

"ఏమి కాపు?"

"ఆత్తాకు కట్టినావే. అన్నదానం వంటకు."

ఆయన మర్యాదగా విన్నాడు, బస్సులో పక్క సీటు మనిషి మాట విన్నట్టు. మళ్లీ నోరు తెరిచాడు. ఆమె మాత్రలు వేసింది, నీళ్లు పట్టింది. గుటుక్కున మింగాడు. ముక్కు చిట్లించలేదు, వాసన చూడలేదు, ఇదేమని అడగలేదు. ఆ సమయంలో మన్ను పెట్టినా మింగేవాడు.

షిఫ్టు దిగి వచ్చిన రామ్‌కుమార్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. "నాయన తానే తాగినాడే! మంచిదే గదమ్మా, ఇంక నీకు కష్టం లేదు," అన్నాడు.

డాక్టరమ్మ చెప్పిన మెట్టు ఇదేనని పాపాత్తికి తెలిసిపోయింది. చెయ్యి పడిపోలేదు, మూతి వంకర పోలేదు, కనీసం తుమ్ము కూడా రాలేదు. ఇన్నాళ్లు ఆయన ఆ మొక్కును మరిచిపోతే బాగుండునని ఆత్తాను రోజూ అడిగింది. ఆత్తా విన్నట్టుంది. మొక్కుతో పాటు వద్దనే మనిషిని కూడా తీసుకుపోయింది.

ఆమె పళ్లెంలోని తాడు తీసి ఆయన మణికట్టుకు కట్టింది. ముడి మీద ముడి వేసింది. మంచం పక్కన నేల మీద కూలబడి ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఇదో, కాపు కట్టిండావు మామా. మాత్ర తాగకూడదు. వద్దు అను. నన్ను తిట్టు. ఒక్కసారి వద్దు అను మామా."

శంకరలింగం తాడు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఈ ఆడమనిషి తన నుంచి ఏదో కోరుతోందని మాత్రం అర్థమైనట్టుంది, సంతోషపెట్టాలనుకున్నాడు. ఇంకో మాత్ర ఇస్తుందేమోనని మళ్లీ నోరు తెరిచాడు.