ఫుల్లా, అతుకా?

మా మామగారు వెంకటరామయ్యకు 'ఫుల్' అన్న మాటంటే మహా గౌరవం. హోటల్‌కు పోయి ప్లేట్ మీల్స్ తినేవాణ్ని ఆయన మనిషి కింద లెక్కగట్టడు. అందుకే హిందూపురం నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ అరుణ్, "విండోస్ మార్చాల పెద్దాయనా. అప్‌గ్రేడ్ చేయాల్నా, ఫుల్ వేయాల్నా?" అని అడగ్గానే క్షణమైనా ఆలోచించలేదు.

"ఫుల్లే వెయ్యప్పా. అరకొర పనులు మనకొద్దు."

ధర్మవరంలో మా పట్టుచీరల అంగడి వెనక గదిలో కూర్చుని కంప్యూటర్ మీద అంచులు, కొంగులు గీసేది నేను. నేను గీసిందాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. గీసే సాఫ్ట్‌వేర్ పాతది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, మా దగ్గరున్న సీడీ పగిలిపోయింది. ఫుల్ వేస్తే లోపలున్నదంతా తుడిచేసి మొదట్నుంచి ఎక్కిస్తారు. డిజైన్లను పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు, నిజమే. తెరిచే సాఫ్ట్‌వేర్ పోయాక వాటిని ఏం చేసుకోను? అప్‌గ్రేడ్ అయితే ఉన్నవి ఉన్నచోటే ఉంటాయి, విండోస్ మాత్రం కొత్తదవుతుంది. ఇంత చిన్న సంగతి ఎవరూ వినిపించుకోకపోతే నాకు ఒళ్లు మండింది.

"ఫుల్ అంటే తినేది కాదు మామా! ఉండేదంతా ఊడ్చి పారేసేది."

"ఊడిస్తే మంచిదే కదమ్మా. శుభ్రంగా ఉంటాది."

అరుణ్ ఆయనకు వంత పాడాడు. "అప్‌గ్రేడ్ చేస్తే పాత చెత్తంతా అట్లే ఉంటాది వాసవక్కా. నీ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో తెరుచుకుంటాదని కూడా నేను చెప్పలేను."

"తెరుచుకోకుంటే ఇంగేముంది, డిజైన్లు బెంగళూరులో గీయించుకుందాం. నువ్వు అంగట్లో కూర్చుందువులే," అన్నాడు మామ, ఎంతో తేలిగ్గా.

పెళ్లైన కొత్తలో ఆ అంగట్లో ఇతరులు నేయించిన చీరలు మడతలు పెడుతూ కూర్చున్నదాన్ని నేను. మళ్లీ అక్కడికి పోవడమంటే చచ్చేంత దిగులు. పైగా పెనుకొండ వాళ్ల పెళ్లిచీర గీయడం సగంలో ఉంది. వాళ్ల ఊరి కోటగోడలా మెట్లుమెట్లుగా దిగే అంచు అది, పూర్తిగా నా ఊహ.

"మామా, ఒకసారి ఇట్ల రాండి," అని వెనక షెడ్డులోకి తీసుకుపోయాను.

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయింది. మా మగ్గం పనులు చేసే నరసక్క దాని కొసలకు కొత్త పట్టుపోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది.

"నరసక్క ఏం చేస్తాండాది మామా?"

"కనపడల్యా? అతుకుతాండాది."

"ఎందుకతకాల? పాత పోగులన్నీ పీకేసి, కొత్తవి మొదట్నుంచి మగ్గం అచ్చులోకి ఒక్కొక్కటే దూర్చి ఎక్కిస్తే శుభ్రంగా ఉంటాది కదా."

"పిచ్చిదానా! అన్ని పోగులు మళ్లీ ఎప్పుడెక్కాల? చీర దిగేలోపల పెళ్లే అయిపోతాది. అతికితే పాతదాని వెంబడే కొత్తది..."

మామ అక్కడే ఆగిపోయాడు. మగ్గం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అప్‌గ్రేడ్ అంటే అదే మామా. అతుకు."

"ఆడ నిలబడి మాటలు పెట్టద్దండి, పోగు తప్పుతాది," అని నరసక్క మా ఇద్దరినీ విసుక్కుంది.

మామ గదిలోకి తిరిగొచ్చి, "అరుణూ, ఫుల్లొద్దు. అతుకు వెయ్," అన్నాడు. పాపం, అరుణ్‌కు అర్థమయ్యేలా నేనే చెప్పాల్సి వచ్చింది.

డిజైన్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పని మొదలుపెట్టాం. తెర నల్లబడింది. చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. మామ ఎందుకైనా మంచిదని ఫోన్ తీసి, బెంగళూరు డిజైనర్‌కు మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టాడు.

కొత్త విండోస్ వచ్చింది. నా సాఫ్ట్‌వేర్ నొక్కాను. నడవదని చెప్పే డబ్బా ఒకటి తెర మీదికొచ్చింది.

"నేను ముందే చెప్పినా కదక్కా," అన్నాడు అరుణ్.

"నోరు మూసుకో కాసేపు!"

పాత ప్రోగ్రాములను పాత విండోస్‌లో ఉన్నట్టే నడిపించే ఏర్పాటు ఒకటి లోపల ఉంటుంది. వెతికి, టిక్కు పెట్టి, మళ్లీ నొక్కాను. తెర మీద మెట్లుమెట్లుగా పెనుకొండ కోటగోడ దిగింది, నేను ఎక్కడ వదిలేశానో సరిగ్గా అక్కడిదాకా! నేను వేసిన కేకకు ముందర అంగట్లో బేరమాడుతున్న వాళ్లు కూడా లేచి వచ్చారు.

అప్పుడే మామ ఫోన్ మోగింది. బెంగళూరు ఆయనే.

"ఆ, ఏమప్పా... అవును, కంప్యూటర్ కొత్తది చేసినాం. ఫుల్లా? ఫుల్ ఎవరిక్కావాలప్పా, మేం అతికించినాం! నీకు తెలీకుంటే మా కోడల్నడుగు. డిజైన్లా? మాకెందుకు? నీకు కావాలంటే నువ్వే రా ధర్మవరానికి."

విననట్టే అంచులో తరువాతి మెట్టు గీయడం మొదలుపెట్టాను.