మొదటి పార మట్టి

రెండు దేశాల సరిహద్దు మీదున్న మా లాకన్ వంతెన దగ్గరి రోడ్డుని, జనం దాటకుండా ఇంగ్లీషు సైన్యం పేల్చినప్పుడల్లా మా వంటింట్లో పళ్ళేలు పగిలేవి. పేల్చేది వాళ్ళు, పూడ్చేది మేము. ఆదివారం చర్చిలో పూజ అయ్యీ అవగానే మగవాళ్ళు కోట్లు విప్పి మా దుకాణం గోడమీద పడేసి, పారలు పట్టుకుని గొయ్యి చుట్టూ నిలబడేవారు. ఎవరూ ముందు చెయ్యి వేసేవారు కాదు. మా బావగారు ఫెలిమ్ ట్రెనర్ వచ్చి మొదటి పార మట్టి విసిరాకే మిగతావాళ్ళు మొదలుపెట్టేవారు. ఆ రోడ్డు మీద పోయినవాడు ఆయన తమ్ముడు, నా మొగుడు బ్రెండన్. అందుకని ఆ మర్యాద.

బ్రెండన్ దూడకి మందు కోసం అవతలి ఒడ్డుకి వెళ్ళి వస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. దిగమన్నారు, దిగాడు. చేతులెత్తమన్నారు. చేతిలో మందు సీసా ఉంది, అది పగలకుండా కింద పెట్టబోయాడు. మెడలో కాల్చారు. నేను నిండు కడుపుతో దుకాణం గుమ్మంలో నిలబడి అంతా చూశాను. పరిగెత్తుకెళితే మీసాలైనా రాని ఒక సిపాయి తుపాకీ మడమతో నా భుజం మీద కొట్టాడు. చలికాలం వస్తే ఆ చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. సమాధి దగ్గర ఫెలిమ్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నోరా, పుట్టబోయేవాణ్ణి ఈ వంతెన మీద యూనిఫాం వేసుకున్నవాడెవడూ ముట్టుకోడు. నేను బతికుండగా ముట్టుకోనివ్వను" అన్నాడు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. నా కొడుకు కోనల్‌కి సైకిలు నేర్పిందీ, ఫుట్‌బాల్ ఆటకి తీసుకెళ్ళిందీ, తప్పు చేస్తే చెవి మెలిపెట్టిందీ ఆయనే. గోతులు పూడ్చడానికని పాత జేసీబీ ఒకటి కొన్నాడు. సైన్యం లాఠీలతో వస్తే దాని మీదే కూర్చుని దెబ్బలు తినేవాడు తప్ప దిగేవాడు కాదు. ఒకసారి రబ్బరు గుండు తగిలి పళ్ళు రాలితే, ఆ పళ్ళు గోతిలోనే ఉమ్మి వాటి మీద మట్టి పోశాడు.

ఏళ్ళ తర్వాత రెండు పక్షాలకీ రాజీ కుదిరింది. సైన్యం వెళ్ళిపోయింది. చెక్‌పోస్టు ఉన్నచోట గడ్డి మొలిచింది. కోనల్ పాల లారీ తోలడం మొదలుపెట్టాడు. అవతలి దేశంలో పాలు పట్టుకుని ఇవతలి దేశంలో దించేవాడు. దారిలో ఏ దేశంలో ఉన్నాడో తెలియాలంటే రోడ్డు అంచున గీత పసుప్పచ్చగా ఉందో తెల్లగా ఉందో చూసుకోవాలి, అంతే. ఫెలిమ్ మాత్రం ప్రతి ఆదివారం పూజ అయ్యాక జేసీబీని కాసేపు నడిపి, గ్రీజు పెట్టి, మళ్ళీ షెడ్డులో పెట్టేవాడు. ఊరంతా నవ్వేది. పక్క పొలం గస్ మెక్‌మీల్ అయితే, "పెళ్ళాం లేదుగా పాపం, దానికే తలంటు పోస్తున్నాడు" అనేవాడు.

ఇంగ్లండు వాళ్ళు యూరప్ కూటమిలోంచి బయటికి పోతామని ఓటేసిన మర్నాడు ఆ నవ్వు ఆగిపోయింది. ఇక మా వంతెనకి ఒక ఒడ్డు కూటమిలో, ఇంకో ఒడ్డు కూటమి బయట. పొద్దున్నే అందరూ నా దుకాణంలో చేరారు. టీ కాస్తూనే ఉన్నాను.

"విడాకులు వాళ్ళకీ వాళ్ళకీనంట. గోడ మాత్రం మన వంటింట్లో కడతారంట" అన్నాడు గస్.

"ఓటేసినవాళ్ళలో చాలామందికి ఇక్కడో సరిహద్దుందనే గుర్తు లేదు, మామా" అన్నాడు కోనల్. "గుర్తొచ్చినా ఏం చేస్తారు?"

"ఎద్దు పుండు కాకికి నొప్పా?" అన్నాడు గస్.

ఫెలిమ్ టీ తాగి, కప్పు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం జేసీబీ దగ్గర ఎవరూ వేళాకోళం ఆడలేదు. గస్ డీజిలు డబ్బా ఒకటి తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టి, చెప్పకుండా పోయాడు.

నాకు ఇంగ్లీషు వాళ్ళ మీద ద్వేషం లేదని డబ్లిన్ పత్రికలవాళ్ళకి చెబుతూ ఉండేదాన్ని. పచ్చి అబద్ధం. రేడియోలో లండన్ పెద్దమనిషి ఎవరో "సరిహద్దు చిన్న విషయం" అంటుంటే రేడియోని గోడకేసి కొట్టాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మనిషిని చంపిన చోటుని చిన్న విషయం అనేవాడి నోట్లో గడ్డి పెట్టాలి.

ఇంగ్లండు వాళ్ళు కూటమి వదిలి వెళ్ళిపోతామన్న తేదీ మార్చి చివర్లో పడింది. ఒప్పందం ఏమీ కుదరలేదు. సైన్యం మళ్ళీ వస్తుందని కొందరు, రానిచ్చేది లేదని కొందరు. అప్పుడు కోనల్‌కి ఒక ఆలోచన వచ్చింది. వంతెన మీద ఉత్తుత్తి చెక్‌పోస్టు కట్టి, సిపాయిల వేషాలు వేసి, కార్లు ఆపి, ఒకప్పుడు ఎలా ఉండేదో ప్రపంచానికి చూపించాలని. చుట్టుపక్కల ఊళ్ళన్నీ సరేనన్నాయి. క్వారీ నుంచి కాంక్రీటు దిమ్మెలు తెచ్చి రోడ్డుకి అడ్డంగా పేర్చారు. చెక్కతో కాపలా గది కట్టారు. అడ్డకర్ర, ఇసుక బస్తాలు, ఇంగ్లండు జెండా, అన్నీ పెట్టారు. కోనల్ ఆఫీసరు వేషం వేసుకుని నాకు చూపించడానికి వచ్చాడు. పెట్టుడు మీసం, తల మీద సైన్యం టోపీ. ఆ టోపీ తల మీంచి లాగేశాను.

"ఆటకైనా ఆ చొక్కా తొడగొద్దురా. విప్పెయ్."

"ఎవడో ఒకడు తొడగాలి కదమ్మా. ఇంకొకడైతే సరిగ్గా చెయ్యడు. నాన్న సంగతి పుట్టినప్పట్నించీ వింటూనే ఉన్నాను, నాకు బాగా తెలుసు."

"మీ పెదనాన్న చూస్తే?"

"మంగళవారం కదా వచ్చేది. అప్పటికి అంతా పీకేస్తాం. ఆయనకి చెప్పొద్దు, గుండె ఆగిపోద్ది."

ఫెలిమ్ కంటి ఆపరేషనుకని డబ్లిన్ వెళ్ళి, అక్కడే మేనకోడలి ఇంట్లో ఉన్నాడు. టీవీ చూడకూడదు, పేపరు చదవకూడదు. ఆస్పత్రివాళ్ళు మంగళవారం దాకా ఉండమన్నారు. ఆయన ఎవరి మాట విన్నాడు గనక? శనివారం పొద్దున్నే మేనకోడలికి చెప్పకుండా బస్సెక్కేశాడు.

శనివారం మధ్యాహ్నం వంతెన దగ్గర తిరునాళ్ళలా ఉంది. రెండు వైపుల నుంచీ జనం, డబ్లిన్ నుంచి టీవీ కెమెరాలు, ఒక మూల వేడి సాసేజీలు అమ్మేవాడు. కోనల్ ఒక కారు ఆపాడు. లోపలున్న గస్‌ని కాలరు పట్టి బయటికి లాగాడు. ముందే అనుకున్న ప్రకారం గస్ సీసా చేత్తో పట్టుకుని వంగాడు. టపాకాయ పేలింది. గస్ పడిపోయాడు. జనం గోలగా అరిచారు. నేను దుకాణం గుమ్మంలోనే ఉన్నాను. ఆట అని తెలిసి కూడా పరిగెత్తబోయి, గుమ్మం పట్టుకుని ఆగాను.

బస్సు మలుపు దగ్గర ఆగిందని, ఫెలిమ్ అక్కడ దిగాడని తర్వాత తెలిసింది. ఆపరేషనైన కంటి మీద ప్లాస్టిక్ మూత, రెండో కంటికి ఇంకా పొర. ఆ కంటికి కనిపించినవి జెండా, అడ్డకర్ర, ఆ యూనిఫాం, సీసాతో నేల మీద పడ్డ మనిషి. పరాయివాడైతే ఇదేదో నాటకం కాబోలు అనుకుని నవ్వుకునేవాడు. మా వాళ్ళకి ఆ నవ్వు రాదు. తమ్ముణ్ణి మళ్ళీ చంపారనుకున్నాడు. అందరూ అన్నట్టే సైన్యం తిరిగొచ్చిందనుకున్నాడు. వెనక దారిన షెడ్డుకి పోయాడు. ఏళ్ళ తరబడి గ్రీజు పెట్టిన బండి, గస్ పోసిన డీజిలు. తాళం తిప్పగానే అందుకుంది.

జేసీబీ తొట్టి పైకెత్తుకుని కొండ దిగి వస్తుంటే కెమెరాలవాళ్ళు సంబరపడిపోయారు. ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం పక్కకి తప్పుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టారు, దేవుడా. నేను మాత్రం బండిలో మొహం చూశాను. బ్రెండన్ని కాల్చిన రోజు చూసిన మొహం అది.

"బావగారూ, అది కోనల్. అది మన కోనల్."

నా గొంతు నాకే వినపడలేదు ఆ ఇంజను రొదలో. గస్ లేచి చేతులూపుకుంటూ పరిగెత్తాడు. చచ్చినవాడు లేచాడని కూడా ఆ కంటికి తెలియలేదు. కోనల్ పెదనాన్నని గుర్తుపట్టాడు. ఆయన తనని గుర్తుపడతాడనే అనుకున్నాడు. నవ్వుతూ ముందుకొచ్చి అరచెయ్యి ఎత్తి, ఆగమని సైగ చేశాడు. వెనకటి సిపాయిలు చేసిన సైగే.

ఫెలిమ్ ఆగలేదు. తొట్టి అడ్డకర్రని విరిచి, కోనల్‌ని ఛాతీ మీద కొట్టి, కాపలా గదిలోకి తోసేసింది. చెక్కలు ఫెళఫెళ విరిగాయి. గది వెనక పేర్చిన దిమ్మెలు కదిలి, పైనున్నది దొర్లి వాడి నడుము మీద పడింది. ఫెలిమ్ వెనక్కి తీసి మళ్ళీ గుద్దాడు. జెండా కర్ర విరిగేదాకా గుద్దాడు. అప్పుడు ఇంజను ఆపి, ఇనప రాడ్డు పట్టుకుని దిగాడు. సిపాయి తల పగలగొట్టడానికి దిగాడు.

టోపీ ఊడిపోయి ఉంది. మీసం ఒక పక్క వేలాడుతోంది. ఫెలిమ్ రాడ్డు ఎత్తి అలాగే నిలబడిపోయాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి, వేళ్ళతో ఆ మీసం పీకాడు.

దిమ్మె ఎత్తడానికి పదిమంది పట్టినా కదల్లేదు. క్వారీ వాళ్ళ క్రేను ఎప్పుడో వెళ్ళిపోయింది. అంబులెన్సు అవతలి ఒడ్డు నుంచి వచ్చి, మేం కట్టుకున్న దిమ్మెల గోడకి అటువైపు ఆగి కూత పెడుతోంది. ఉన్నది ఒకటే బండి. దాని లివర్లు ఫెలిమ్ చేతికి తప్ప ఎవరికీ లొంగవు. ఆయన నేల మీద కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు. నేను వెళ్ళి చెంప మీద కొట్టాను. మంచి చేత్తో, బలం కొద్దీ.

"లేవండి. ఏడవడానికి తర్వాత చాలా టైముంది. లేచి దాన్నెత్తండి."

లేచాడు. కంటి మూత పీకి పారేశాడు. గొలుసు కట్టించి, గుడ్డు ఎత్తినట్టు దిమ్మెని ఎత్తి ఏట్లోకి వదిలాడు. తర్వాత మిగతా దిమ్మెల్ని ఒక్కొక్కటే తోసి దారి చేశాడు. నేను కోనల్ తల ఒళ్ళో పెట్టుకున్నాను. వాడి నోట్లోంచి రక్తం నా చేతుల మీదుగా కారుతోంది.

"పెదనాన్నని తిట్టకు" అన్నాడు. ఇంకాసేపటికి, "దారి అయిందా?" అన్నాడు.

"అయింది నాన్నా."

అంబులెన్సు వంతెన దాటింది. ఎవరూ ఆపలేదు. ఏ దేశంలో ప్రాణం పోయిందో లోపలున్న నర్సు కూడా చెప్పలేకపోయింది.

పోలీసులు ఫెలిమ్‌ని తీసుకెళ్ళారు. మర్నాడు పూచీకత్తు మీద వదిలారు. మా ఆచారం ప్రకారం శవాన్ని ఇంట్లోనే ఉంచాం. ఊరంతా వచ్చి టీలు, శాండ్‌విచ్‌లు అందిస్తూ కూర్చున్నారు. ఫెలిమ్ శవపెట్టె తల వైపు కుర్చీ వేసుకుని కదలకుండా ఉన్నాడు. ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. మధ్యాహ్నం తోలు కోటు వేసుకున్న ఒకడు వచ్చాడు. రాజీ తర్వాత కూడా తుపాకులు దించని గుంపువాడని అందరికీ తెలుసు. శవానికి దండం పెట్టి, ఫెలిమ్ చెవి దగ్గర వంగాడు.

"నువ్వేం కుమిలిపోకు పెద్దాయనా. కోనల్‌ని చంపింది లండన్. దీనికి బదులు తీర్చుకుంటాం. కుర్రాళ్ళు రెడీగా ఉన్నారు."

ఫెలిమ్ లేచాడు. వాడి గొంతు పట్టుకుని గోడకి నొక్కాడు. మేరీమాత పటం కింద పడి పగిలింది. వాడి మొహం నీలంగా మారుతున్నా పట్టు వదల్లేదు.

"అక్కడ ఇంగ్లీషోడు ఒక్కడు కూడా లేడురా. తోలింది నేను. నా బిడ్డ పేరు మీద ఇంకో బిడ్డని చంపితే నీ పీక కొరుకుతా."

నలుగురు పట్టి లాగితే గానీ వదల్లేదు. తోలు కోటువాడు దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఒక్కమాటకి మాత్రం ఆయన్ని నేను మెచ్చుకున్నాను. ఇంగ్లండు మీద నా కోపం ఇంగ్లండు మీదే ఉంది, గుమ్మడికాయంత. కానీ దాన్ని నా కొడుకు పెట్టె మీద పెట్టనివ్వను.

మా దగ్గర గొయ్యి తవ్వేదీ పూడ్చేదీ ఇరుగుపొరుగులే. ఫాదర్ ప్రార్థన ముగించాడు. పెట్టె దించారు. మగవాళ్ళు కోట్లు విప్పి గోడ మీద వేసి, పారలు పట్టుకుని గొయ్యి చుట్టూ నిలబడ్డారు. అలాగే నిలబడిపోయారు. చినుకులు మొదలయ్యాయి. అయినా ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అందరూ ఫెలిమ్ వైపే చూస్తున్నారు. వాళ్ళేమీ కావాలని చెయ్యలేదు. ఇన్నేళ్ళ అలవాటు, ఆయన విసరంది వాళ్ళకి చెయ్యి లేవదు.

ఫెలిమ్ తల అడ్డంగా ఊపాడు. "నావల్ల కాదు. మీరు కానివ్వండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

గస్ చేతిలోంచి పార తీసుకున్నాను. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

"ఈ ఊళ్ళో మొదటి పార మీదే బావగారూ. వాడు తడుస్తున్నాడు."

వెనకటి గోతుల్లోకి ఆయన మట్టిని కసిగా విసిరేవాడు. ఆ రోజు పార పక్కన పెట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో కొంచెం మట్టి తీసి, పెట్టె మీద చప్పుడు కాకుండా జారవిడిచాడు. అప్పుడు మిగతావాళ్ళు మొదలుపెట్టారు.

లండన్ వాళ్ళు కూటమి వదిలి వెళ్ళే తేదీని వాయిదా వేసుకున్నారట. శ్మశానం నుంచి వస్తుంటే ఎవరి కారు రేడియోలోనో విన్నాను.

ఫెలిమ్‌ని క్షమించావా అని అడుగుతుంటారు. లేదు. ఆదివారం పూజ అయ్యాక భోజనానికి వస్తాడు. కోనల్ కుర్చీకి ఎదురుగా కూర్చుంటాడు. వడ్డిస్తాను. తింటాడు.