చప్పిడి కూర

తుఫాను వచ్చి కొబ్బరిచెట్లు సగం కూల్చిన మరుసటి ఏడాది భీమరాజుకు గుండెపోటు వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో పడుకుని ఎలాగో బతికి బయటపడ్డాడు. ఇంటికి పంపేముందు డాక్టరు అతని భార్య సూర్యావతిని పిలిచి, ఉప్పూ నూనే బాగా తగ్గించమన్నాడు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప, నెయ్యి ఇంటి ఛాయలకు రానివ్వొద్దన్నాడు. కొబ్బరి కూడా వద్దన్నాడు.

కొబ్బరితోట ఉన్న ఇంట్లో కొబ్బరి లేకుండా వండడం ఎలాగో సూర్యావతికి తెలీదు. అయినా నేర్చుకుంది. ఆనపకాయ, బీరకాయ, తోటకూర ఆవిరి మీద మగ్గబెట్టి, చిటికెడు ఉప్పు వేసి దించేది. చప్పదనం తెలియకుండా నిమ్మకాయ పిండేది. దంపుడు బియ్యం కోసం రాయవరం దాకా మనిషిని పంపింది.

భీమరాజు కూరను వేలితో అటూ ఇటూ జరిపి, "గేదెకి పెట్టే కుడితి కూడా దీనికంటే రుచిగా ఉంటుందే" అనేవాడు.

"బతకాలంటే తినాలండీ."

"ఇది తిని బతకడమెందుకే?"

ఆ మాటలైనా పడేదిగాని, చూడ్డానికి వచ్చేవాళ్ళతోనే ఆమె వేగలేకపోయింది. గుండెపోటు వచ్చిన మనిషికి ఒకరు కాజాలు తెచ్చేవారు, ఒకరు పూతరేకులు. "ఒక్కటి తింటే ఏమవుద్దండీ!" అని దగ్గర కూర్చుని మరీ తినిపించేవారు.

అంతలో ఆలమూరు నుంచి భీమరాజు అక్క అప్పాయమ్మ దిగింది. తమ్ముణ్ణి చూసి గుమ్మంలోనే ఏడుపందుకుంది.

"అంత మనిషివి పుల్లలా అయిపోయేవేంట్రా! ఏమ్మా సూర్యావతీ, నా తమ్ముడికి అన్నం పెడుతున్నావా, లేదా?"

"పెడుతున్నానండి వదినగారూ. డాక్టరుగారు చెప్పినట్టే పెడుతున్నాను."

"ఆ డాక్టరుకి మన తిండేం తెలుసు! మా నాన్నగారు ముద్దముద్దకీ నెయ్యేసుకుని తిన్నారు."

ఆ నాన్నగారు యాభై దాటకుండానే పొలంగట్టు మీద గుండె పట్టుకుని కూలిపోయారు. ఆ మాట సూర్యావతి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

ఆమె గొడ్ల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వంటింట్లోంచి ఎండుచేప వేపుడు వాసన వచ్చేది. తిరిగొచ్చేసరికి అక్కా తమ్ముడూ వీధరుగు మీద ఏమీ ఎరగనట్టు కూర్చునేవారు. మధ్యాహ్నం భీమరాజు ఆకలి లేదనేవాడు. అడిగితే అప్పాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు బీపీ పెరిగి ఉంది. "అంతా మీ చేతుల్లోనే ఉందమ్మా, ఏం వండి పెడుతున్నారు?" అని డాక్టరు సూర్యావతిని కసిరాడు. భీమరాజు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొస్తూనే సూర్యావతి వదినగారి ఎదుట నిలబడింది. "వచ్చేసారి మీరు కూడా రండి. డాక్టరుగారేమంటారో మీ చెవుల్తో వినండి. ఇక నావల్ల కాదు."

"ఆయ్, వస్తాను. నేనే అడుగుతాను" అంది అప్పాయమ్మ.

అన్నట్టే పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆసుపత్రి మెట్లెక్కి ఆయాసపడుతూనే డాక్టరుతో వాదన పెట్టుకుంది. ఆయన అంతా విని, "ముందు మీరు కూర్చోండమ్మా" అని ఆమె చేతికి బీపీ చూసే పట్టీ చుట్టాడు. ఒకసారి చూసి, మొహం చిట్లించి, మళ్ళీ చూశాడు.

"ఈవిడకి తమ్ముడికంటే ఎక్కువుంది. ఈవిడక్కూడా అదే తిండి పెట్టండి."

"నాకా? ఆ మిషనేదో పాడైనట్టుంది, చూడండి బాబూ!"

మిషను బాగానే ఉంది. తిరుగుదారిలో ఊరు దగ్గరపడుతుండగా అప్పాయమ్మ, "ఆలమూరులో మా కోడలి చేతి చప్పిడి నేను తినలేనమ్మా. ఇక్కడే ఉంటాను" అంది. నవ్వాలో ఏడవాలో తెలీక సూర్యావతి తలూపింది.

ఇక తిట్టేవాళ్ళు ఇద్దరయ్యారు. అయితే తనకు లేని వేపుడు తమ్ముడు తింటుంటే చూడలేక అప్పాయమ్మ ఎండుచేప వేపడమే మానేసింది. కాజాలు తెచ్చినవాళ్ళను వీధిగుమ్మంలోంచే తిప్పి పంపింది. తన కంట పడకుండా అక్క ఏం తింటోందోనని భీమరాజు వంటింటి వైపే చూస్తూ ఉండేవాడు. అలా ఒకరి మీద ఒకరు కాపలా కాస్తుండగానే వేసవి గడిచింది. ఇద్దరి బీపీ దిగింది. భీమరాజు మళ్ళీ తోటదాకా నడిచి వస్తున్నాడు.

ఆ శ్రావణంలో కపిలేశ్వరపురం పెళ్ళికి వెళ్ళి, అక్కా తమ్ముడూ విస్తళ్ళ ముందు నుంచి సగంలోనే లేచి వచ్చేశారు. "పప్పు నిండా ఉప్పేనమ్మా, ఎలా తింటున్నారో జనం!" అంది అప్పాయమ్మ.

సూర్యావతి పొయ్యి ముట్టించి, ఎప్పటిలాగే చిటికెడు ఉప్పేసి బీరకాయ కూర వండి వడ్డించింది. భీమరాజు ఒక ముద్ద తిని, అక్క వైపు చూసి, "ఇవాళ మన కూరలో కూడా ఉప్పు కాస్త ఎక్కువైనట్టుంది కదా" అన్నాడు.

"ఆయ్, ఎక్కువే" అందావిడ.

సూర్యావతి గరిటె అక్కడే పడేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.